యాభై మూడో నంబరు గుర్రం

వరహాలమ్మ ఇంట్లో ఒక గుర్రం పదకొండేళ్లుగా ఉంటోంది. ఇన్నేళ్లలోనూ ఆవిడ దాన్ని ఒక్కసారైనా చూడలేదు.

దాని రంగు ఎర్రజేగురు. నుదుట తెల్ల చుక్క, వెనక ఎడమకాలికి తెల్ల పట్టీ. పేరు వాయుజవం, నంబరు యాభై మూడు. నడవడి మంచిది, కరిచే అలవాటు లేదు. ఈ వివరాలన్నీ పెరట్లోని పాకలో, గోడకు కొట్టిన చెక్కపలక మీద రాసి ఉండేవి. ఇంటికేమో తాటాకు కప్పు. పాకకు సంస్థానం వారు పెంకులు వేయించారు. వానొస్తే ఇంట్లో నాలుగుచోట్ల గిన్నెలు పెట్టుకునే వరహాలమ్మ, పొడిగా ఉన్న ఆ పాక వంక చూసి ఏటా ఒకే మాట అనేది: "దీని జాతకమే జాతకం. పుట్టకుండానే పెంకుటింట్లో కాపరం పెట్టింది."

జర్మనీ యుద్ధంలో వీరభద్రగిరి సంస్థానం నుంచి తొంభై ఆరు గుర్రాలూ, వాటి మీద తొంభై ఆరుగురు రౌతులూ ఓడెక్కి బస్రా వెళ్లారు. యుద్ధం అయ్యాక రౌతుల్లో చాలామంది తిరిగొచ్చారు. గుర్రాలు ఒక్కటీ రాలేదు. అంతలో పై దొరతనం వారి నుంచి తాఖీదు వచ్చింది: మరొక యుద్ధము సంభవించినచో అక్కరకు వచ్చుటకై ప్రతి సంస్థానమూ ఒక రిజర్వు అశ్వదళ డివిజనును సిద్ధముగా ఉంచవలెను. యుద్ధము ప్రకటించిన మరునాడు గుర్రములు పంపబడును. అందాక అవి రిజర్వులో ఉన్నట్లు భావించవలెను.

వీరభద్రగిరి దివాణం వారు ఏ పనీ సగంలో వదిలే రకం కాదు. గుర్రాలను భావించడానికి ఒక కచేరీ పెట్టారు. తొంభై ఆరుగురు రౌతుల మీద నలభై ఒక్కమంది అధికార్లను వేశారు. ఫారంలో గడులు ఖాళీగా ఉండకూడదు కాబట్టి ఆస్థాన పండితుడు గుర్రాలకు పేర్లు పెట్టాడు, గుమాస్తాలు రంగులు పంచారు. రాబోయే గుర్రం వచ్చిన రోజున చోటు లేక ఇబ్బంది పడకూడదు కాబట్టి ప్రతి రౌతు పెరట్లోనూ ఒక అశ్వస్థానం వెలిసింది. పొద్దున్నే దాన్ని ఊడ్చాలి. తొట్టి నిండా నీళ్లు పోయాలి. ఒక మోపు పచ్చగడ్డి వేసి, సాయంత్రం తీసేయాలి. ఆ స్థానంలో మరే జంతువూ అడుగు పెట్టరాదు.

తీసేసిన గడ్డిని వరహాలమ్మ తన గేదె సింగారికి వేసేది. గుర్రం తినగా మిగిలిందని చెప్పేది. ఎవరూ తప్పు పట్టలేదు. గుర్రం అంత తక్కువ ఎందుకు తింటోందని మాత్రం ఒకసారి కచేరీ నుంచి విచారణ వచ్చింది.

ఆవిడ భర్త సోమునాయుడు రిజర్వు దఫేదారు. బస్రా వెళ్లి వచ్చినవాడు. ఇంట్లో కూర మాడినా, చొక్కా చిరిగినా పట్టించుకోడు గాని, అశ్వస్థానంలో ఒక్క ఆకు పడి ఉంటే ఊరుకునేవాడు కాదు. పాకలోకి వెళ్లేటప్పుడు చెప్పులు విడిచి, వెనకవైపు నుంచి కాకుండా పక్కనుంచి, గుర్రం బెదరకుండా వెళ్లేవాడు.

"ఏవయ్యో, తొక్కుతుందా?" అని వరహాలమ్మ వంటింటి గుమ్మంలోంచి అడిగేది.

"నీకు తెలీదు లేవే," అనేవాడు.

కిందటేడు ఆశ్వయుజంలో తుఫాను పట్టిన నాలుగు రోజుల్లో సింగారి ఆరుబయట, వేపచెట్టు కింద ఈనింది. దూడ వానకు నాని, లేచి నిలబడకుండానే పోయింది. సింగారి పది రోజులు గడ్డి ముట్టలేదు, పాలు చేపలేదు. పెంకుల పాక ఆరు బారల దూరంలో, గచ్చునేలతో సహా ఖాళీగా ఉంది.

ఈ ఏడు మళ్లీ ఆశ్వయుజం, మళ్లీ ముసురు. సింగారికి మళ్లీ నెలలు నిండాయి. వరహాలమ్మ ఆకాశం వంక ఒకసారి చూసింది, గేదె పొట్ట వంక ఒకసారి చూసింది. సోమునాయుడు బజారుకు వెళ్లిన సమయం చూసి, దాన్ని తీసుకెళ్లి యాభై మూడో నంబరు స్థానంలో కట్టేసింది.

ఆ మర్నాడే తనిఖీ.

జమేదారు గులాబ్ సింగు నెలకోసారి తనిఖీకి నడిచి వచ్చేవాడు. ఆయన గుర్రం కూడా రిజర్వులోనే ఉంది మరి. గొడుగు పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో, గుర్రాన్ని అదిలించడానికి బూట్లకు కట్టిన ముళ్లు గణగణమంటూ ఉండగా పెరట్లోకి వచ్చి, పాక ముందు ఆగిపోయాడు.

"దఫేదార్! ఈ స్థానంలో ఏమున్నది?"

సోమునాయుడు సలాం కొట్టిన చెయ్యి దించలేదు. "మా ఇంటిది కట్టేసిందండి."

"ఎవరు కట్టినారని అడగలేదు. ఏమున్నది?"

"గేదండి."

"ఉత్తరువులలో గేదె అను మాట ఎక్కడైనా కలదా?"

"లేదండి."

"పలక మీద ఏమని ఉన్నది? ఎర్రజేగురు రంగు అని ఉన్నది. ఇదేం రంగు?"

వరహాలమ్మ కొంగు బిగించుకుని ముందుకొచ్చింది. "జమేదారు గారూ, అది ఇవాళో రేపో ఈనేటట్టుంది. ఈ మాయదారి వానలో బయటుంటే దూడ దక్కదండి. ఆ గుర్రం వచ్చిన రోజున నేనే ఎదురెళ్లి, దాని కాళ్లు కడిగి లోపలికి తీసుకొస్తాను. వచ్చేదాకా ఉండనివ్వండి బాబూ."

గులాబ్ సింగు దయగానే చూశాడు. తెలియని ఆడమనిషి అనుకున్నాడు. "గుర్రం రాలేదని నీకెవరు చెప్పినారమ్మా? ఉన్నది. రిజర్వులో ఉన్నది. లేకపోవడం వేరు, రిజర్వులో ఉండడం వేరు."

"తేడా ఏంటండీ?"

"లేనిదానికి నంబరు ఉండదు."

ఎనిమిది రోజుల గడువిచ్చాడు. ఆలోగా స్థానం ఖాళీ కాకపోతే గేదెను బందెలదొడ్డికి తోలిస్తానని రాసి, సోమునాయుడి చేత సంతకం పెట్టించుకుని, గొడుగు విప్పుకుని వెళ్లాడు. బందెలదొడ్డికి కప్పు లేదు. అక్కడ ఈనిన గొడ్డు దూడతో తిరిగొచ్చిన జ్ఞాపకం ఆ ఊళ్లో ఎవరికీ లేదు.

మర్నాడు వరహాలమ్మ అశ్వదళ కచేరీకి వెళ్లింది. పేష్కారు నరహరి పంతులు ముక్కు మీదికి కళ్లద్దాలు దించుకుని ఆవిడ చెప్పిందంతా విన్నాడు. మంచి మనిషే. కచేరీలో కూర్చున్నంతసేపూ మాత్రం ఆయన నోట్లోంచి పుస్తకమే మాట్లాడేది.

"గేదెను అశ్వస్థానమున ప్రవేశపెట్టుటకు అవకాశము లేదు. అశ్వమును అశ్వస్థానము నుండి తాత్కాలికముగా తప్పించుటకు అవకాశము కలదు."

"అంటే?"

"గుర్రానికి సెలవు పెట్టించవచ్చునమ్మా. గడ్డి సెలవు అని ఉన్నది. ఒంట్లో బాగులేని గుర్రాన్ని మూడు మాసములు మేతకు విడిచిపెట్టుదురు. అప్పుడు స్థానము ఖాళీ."

"ఇప్పుడు ఖాళీగా లేదా అండీ?"

పేష్కారు బాధగా నవ్వాడు. "గుర్రాల డాక్టరు చేత కాగితము రాయించుకు రా తల్లీ."

గుర్రాల డాక్టరు వహాబు సాహెబు నిక్కచ్చి మనిషి. రోగిని చూడకుండా కాగితం రాయడన్న పేరు ఆయనకు జిల్లా అంతా ఉంది. వరహాలమ్మ వెంట వానలో తడుస్తూ వచ్చాడు. పాకలో ఒక మూల నెమరేస్తున్న సింగారి పక్కనుంచి మర్యాదగా తప్పుకుని, మిగిలిన జాగాలో ఇటునుంచి అటు నడిచాడు. తొట్టిలో నీళ్లు చూశాడు. నేల మీద పేడ కోసం వెతికాడు. సింగారి పేడ తప్ప ఇంకేమీ కనిపించలేదు. చాలాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"దగ్గు లేదు," అన్నాడు చివరికి. "జ్వరం లేదు. నురగ లేదు. పదకొండేళ్ల నా రిజిస్టర్‌లో ఈ గుర్రానికి ఒక్కనాడు కడుపునొప్పి రాలేదు. ఇంత ఆరోగ్యమైన జంతువును నా సర్వీసులో చూడలేదమ్మా. జబ్బని ఎట్లా రాయను? అల్లా ముందు జవాబు చెప్పుకోవాలి."

వరహాలమ్మకు ఒళ్లు మండింది. "పోనీ చచ్చిపోయిందని రాయండి!"

"గిట్ట ఏదీ?"

"ఏం గిట్ట?"

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. పటాలంలో గుర్రం చస్తే నోటిమాట చెల్లదు. ముందరి కుడికాలి గిట్ట మీద నంబరు కాల్చి ఉంటుంది. ఆ గిట్ట కోసి తెచ్చి కచేరీలో దాఖలు చేయాలి. అప్పుడే గుర్రం చచ్చినట్టు. గిట్ట లేకుండా సర్కారు గుర్రం చావడానికి వీల్లేదు.

"గిట్ట ఉంటే గుర్రమే ఉండేది గదయ్యా!"

"అందుకే చెప్తున్నా. ఇది చావదు," అని సాహెబు, సింగారి నుదుటి మీద ఒకసారి చెయ్యి వేసి, "ఈమెకు నాలుగు రోజుల్లో నొప్పులొస్తాయి. గాలి తగలనీకు," అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సలహాను ఏ రిజిస్టర్‌లోనూ రాయలేదు.

అన్నం పెడుతూ వరహాలమ్మ భర్తకు జరిగింది చెప్పింది. నవ్వుతాడనుకుంది. సోమునాయుడు కలుపుతున్న ముద్ద ఆపేశాడు.

"గిట్ట అడిగాడా?"

"అడిగాడు. ఎక్కణ్ణించి తెస్తాను నేను?"

"నేను తెచ్చానే ఒకసారి." ఆయన కంచం వంకే చూస్తున్నాడు. "బస్రా అవతల. నా గుర్రం. నీళ్లు లేక పడిపోయింది. ఇంకా కళ్లు తెరుచుకునే ఉంది. నంబరు కోసుకురమ్మన్నారు. తలపాగా విప్పి అందులో చుట్టుకుని తొమ్మిది మైళ్లు నడిచాను. గుమాస్తా చూసి, ముద్ర కొట్టి, గుట్ట మీదికి విసిరేశాడు. అక్కడ అప్పటికే ఇంత ఎత్తున్నాయి."

పద్నాలుగేళ్ల కాపురంలో ఆయన ఈ మాట చెప్పడం ఇదే మొదలు. వరహాలమ్మ మజ్జిగ పోయడం మరిచిపోయి కూర్చుంది.

"దీన్ని మాత్రం చచ్చిందని రాయించకు," అన్నాడు. కాసేపటికి మళ్లీ, "సింగారిని విప్పకు. ఎవడొస్తాడో రానీ," అన్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున గులాబ్ సింగు, బందెలదొడ్డి మనుషులిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి, యాభై మూడో నంబరు స్థానంలో సింగారి తన దూడను నాకుతోంది. పెయ్యదూడ. తడి ఆరలేదు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారుతుంటే పట్టుదలగా లేస్తోంది.

బందెలదొడ్డి మనుషులు తాడు విప్పబోయారు. "ఆగండి," అన్నాడు గులాబ్ సింగు. ముందు ఫారం పూర్తి కావాలి. అందులో ఏడో గడి "స్థానమున సంభవించిన జననములు". పదకొండేళ్లుగా తొంభై ఆరు పెరళ్లలో ఆయన ఆ గడిలో సున్నా చుడుతూనే ఉన్నాడు. ఇవాళ కళ్లెదురుగా ఒక జననం సంభవించి అంబా అంటోంది. చూసి చూసి సున్నా చుట్టడానికి ఆయన చెయ్యి రాలేదు. ఒకటి వేశాడు.

ఆ ఒకటి కచేరీని రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. స్థానంలో పుట్టింది గుర్రప్పిల్ల కాదంటే, అందులో వేరే జంతువు ఉన్నట్టు. ఉన్నట్టయితే ఎనిమిది రోజులు ఉండనిచ్చిన జమేదారుది తప్పు. జమేదారు నివేదిక చదివి చూడముచ్చటగా సంతకం చేసిన కమాండెంటు దొరవారిది అంతకన్నా తప్పు. కమాండెంటు దొరవారు రాజావారి స్వయానా బావమరిది. కాబట్టి పుట్టింది గుర్రప్పిల్లే. గుర్రప్పిల్లే కాబట్టి కన్నది యాభై మూడో నంబరు గుర్రం.

"యాభై మూడు మగగుర్రమని ఉన్నదే," అన్నారట కమాండెంటు దొరవారు.

"చేతితప్పు ప్రభూ. సవరించినాము."

"ఎర్రజేగురు రంగని ఉన్నది?"

"వయసుతో పాటు రంగు ముదిరినది ప్రభూ."

కొమ్ముల సంగతి ఎవరూ అడగలేదు. ఫారంలో కొమ్ములకు గడి లేదు.

పేష్కారు స్వయంగా ఉత్తరువు పట్టుకొచ్చి చదివి వినిపించాడు. పాలు తాగే పిల్ల నుండి తల్లిని వేరు చేయరాదు కనుక ఉభయులూ స్థానమునందే ఉండవచ్చును. డివిజను చరిత్రలో బలము పెరుగుట ఇదే ప్రథమము కనుక దఫేదారు సోమునాయుడికి అభినందనలు. వరహాలమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. పాకలో దూడ పొట్ట నిండా తాగి, పొడినేల మీద పడుకుని ఉంది. ఇంతకన్నా ఆవిడకు కావలసింది లేదు.

"ఇంకొక్కటి కలదు," అన్నాడు పేష్కారు పేజీ తిప్పి. "కార్తీకమున పై దొరతనము వారి తనిఖీ దొర వేంచేయుచున్నారు. యాభై మూడు ప్రస్తుతము లభ్యముగా ఉన్నది కనుక జీనుతో, రౌతుతో కవాతుకు హాజరు కావలెను. ఏడాది నిండని పిల్లకు మైదాన ప్రవేశము లేదు."

"వేరు చేయకూడదన్నారు గదండీ!"

"అది స్థానమునకు సంబంధించిన నిబంధన. ఇది మైదానమునకు సంబంధించినది."

"అది మూడు వారాల పిల్లండీ అప్పటికి. పూట తప్పితే ఉండలేదు. కిందటేడు ఒకదాన్ని చేతులారా పూడ్చిపెట్టుకున్నాను పంతులుగారూ."

పంతులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పది గంటలకల్లా అయిపోతుందమ్మా," అన్నాడు, ఈసారి పుస్తకం లేకుండా.

పది గంటలకు తనిఖీ దొర ఇంకా రానేలేదు.

మైదానంలో తొంభై ఐదుగురు రౌతులు వరసలు తీరి నిలబడ్డారు. గుర్రాలు పట్టేటంత ఎడం ఒక్కొక్కరి మధ్యా వదిలారు. కళ్లెం పట్టినట్టు ఎడమచేతులు పిడికిళ్లు బిగించి ఉన్నాయి. వాళ్లెదుట కమాండెంటు దొరవారు, వెన్ను నిటారుగా, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, మిగతా అందరికన్నా పైనున్నట్టు గడ్డం ఎత్తి నిలబడ్డారు. మొదటి వరస కుడికొసన సింగారి. దాని మీద జీను, జీను మీద సోమునాయుడు. దళమంతా కుడికొస గుర్రాన్ని చూసి నడవాలి. అది ఆగితే ఆగాలి, కదిలితే కదలాలి. ఇన్నాళ్లూ కుడికొస గుర్రం ఏం చేస్తోందో కనిపెట్టడం కష్టంగా ఉండేది. ఇప్పుడు ఆ కష్టం తీరిందని కచేరీ సంతోషించింది.

వరహాలమ్మ ఆడవాళ్లతో పాటు గట్టు మీద నిలబడింది. ఆవిడ కవాతు చూడ్డం లేదు. గేదె పొదుగు చూస్తోంది. పొదుగు బిగిసిపోయింది. ఇంటి దగ్గర దూడ ఇప్పటికి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఉంటుంది.

పదకొండున్నరకు దొర వచ్చాడు. తెల్ల మీసాల ముసలాయన. అశ్వదళంలోనే తల పండినవాడు. ఆరు సంస్థానాల్లో ఆరు రిజర్వు డివిజన్లు చూసి వస్తున్నాడు. వరసల మధ్య నడుస్తూ యాభై మూడో నంబరు ముందు ఆగాడు. రిజిస్టర్ అడిగి తీసుకున్నాడు. నలుపు. ఆడది. పాలిస్తున్నది. ఒక్కొక్క గడీ చదివి, ఒక్కొక్కసారీ తలెత్తి చూశాడు.

"అన్నీ సరిపోయాయి," అన్నాడు. తను చూసిన ఆరు డివిజన్లలో ఎక్కడా ఒక్క గుర్రం కూడా లేదని చెబుతూ కమాండెంటు దొరవారి చెయ్యి పట్టుకుని ఊపాడు. "నడిపించండి."

"దళ్! ఆగే బఢ్!"

ముందుకు నడవమన్న ఆ ఆజ్ఞకు సింగారి ఆగే బఢింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఒంటి మీద జీను, జీను కింద చెమట. మైదానం పక్కన, పూర్వం గుర్రాలకు నీళ్లు పెట్టడానికి తవ్వించిన మడుగుంది. వానలకు నిండి నల్లగా నిగనిగలాడుతోంది. సింగారి కుడికి తిరిగింది. సోమునాయుడు కళ్లెం లాగాడు. లాగిన సంగతి దానికి తెలిసిన దాఖలా లేదు. నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, మడుగులోకి దిగి, మెడ దాకా మునిగి కూర్చుంది. సోమునాయుడు నడుం దాకా నీళ్లలో, జీను మీదే ఉండి, ఎదుటికి సలాం పట్టాడు.

దళం కుడికొస గుర్రాన్ని చూసి నడవాలి. తొంభై ఐదుగురూ వరస చెడకుండా మడుగులోకి దిగారు. వాళ్ల వెనక అధికార్లు దిగారు. కమాండెంటు దొరవారు ఒక్క క్షణం తటపటాయించి, తనిఖీ దొర తన వంకే చూస్తుండడం గమనించి, దిగారు.

"నీటికి జంకని దళం," అని దొర నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఎంతసేపు కూర్చునేదో గాని, వరహాలమ్మకు ఇక ఓపిక లేదు. గట్టు దిగి మడుగు దగ్గరకు వచ్చింది. రోజూ పాలవేళకు పిలిచినట్టే నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పిలిచింది. "సింగారీ... దా, దా దా! పిల్ల ఏడుస్తందే!"

సింగారి చెవులు నిక్కబొడిచింది. నీళ్లన్నీ ఒక్కసారి కదిలేలా లేచి, ఒడ్డెక్కి, పొదుగు అటూ ఇటూ ఊగుతుంటే ఇంటిదారి పట్టింది. ఈసారి తొందర ఉంది. వెనక నీళ్లోడుతూ తొంభై ఐదుగురు, ఆ వెనక అధికార్లు, ఆ పక్కన మోటారులో దొర. పంచెలెగ్గట్టిన జనం తోవ ఇచ్చారు. సందులోకి వచ్చేసరికి వరసలకు జాగా చాల్లేదు. ఒక్కొక్కరు తన గుర్రానికి చోటు వదలాలి కాబట్టి నలుగురైదుగురు మురిక్కాలవలో నడవాల్సి వచ్చింది.

పెరట్లో దూడ గొంతు వినిపించగానే సింగారి గట్టిగా అరిచి పాకలోకి పరిగెత్తింది. తలకు దూలం తగలకుండా సోమునాయుడు మెడ మీదికి వాలిపోయాడు. దూడ తల్లి కిందకు దూరి పొదుగును తలతో కుమ్మింది. తోక ఆడించడం మొదలెట్టింది. బయట దళం ఆగింది. కుడికొస రౌతు దిగకుండా ఎవరూ దిగడానికి వీల్లేదు. కదలడానికి అంతకన్నా వీల్లేదు.

వరహాలమ్మ రొప్పుతూ వచ్చి, దూడ తాగుతున్న చప్పుడు విని, గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత పైకి చూసింది.

"ఇంకా దాని మీదే కూర్చున్నావా? పాలిచ్చే గొడ్డు. నడుం విరిగిపోతంది. దిగవయ్యా!"

సోమునాయుడు కమాండెంటు దొరవారి వంక చూశాడు. కమాండెంటు దొరవారు తనిఖీ దొర వంక చూశారు. దొర టోపీ తీసి చేత్తో పట్టుకుని, వరహాలమ్మ వంక చూస్తున్నాడు.

"నీకే చెప్పేది. దిగు."

సోమునాయుడు కుడికాలు ఎత్తి, జీను మీదుగా తిప్పి, దిగాడు. దిగి, సింగారి మెడ మీద అరచెయ్యి వేసి అలాగే కాసేపు ఉంచాడు.

బయట సందులో తొంభై ఐదు కుడికాళ్లు ఒక్కసారిగా గాల్లోకి లేచి, జాగ్రత్తగా వెనక్కి తిరిగి, బురదలోకి దిగాయి. కమాండెంటు దొరవారు దిగడానికి మాత్రం ఇంకొంచెం సేపు పట్టింది. ఆయన గుర్రం అందరి గుర్రాలకన్నా ఎత్తు.